వెనక శబ్దానికి సున్నా

బస్సెక్కగానే కిటికీ పక్కన సీటు చూసుకుని కూలబడి, పక్క సీట్లో హ్యాండ్‌బ్యాగు పెట్టేశాను, ఎవరికోసమో ఆపిపెట్టినట్టు. ఆపిపెట్టిందే మరి. ఆరో స్టాపులో అతను ఎక్కుతాడు, ఎక్కి నాకోసం వెతుక్కుంటాడు, వచ్చి ఇక్కడే కూర్చుంటాడు, అందుకని ఆపిపెట్టాను, ఆపిపెట్టి మళ్లీ ఇంకెవరైనా వచ్చి ఈ బ్యాగు కాస్త తీస్తారా అంటే బాగుండునని కూడా అనుకుంటున్నాను. ఇంకా మొదటి స్టాపే. డ్రైవరు ఇంజను ఆపకుండానే దిగి అద్దం తుడుస్తున్నాడు. రెండేళ్లు షెడ్డులో పడున్న బస్సు, సీట్ల కవర్లు ఉతికారు గానీ లోపలి ముక్కిన వాసన పోలేదు. ఎక్కుతున్నవాళ్లు ఒకరినొకరు చూసి ముందు తటపటాయిస్తున్నారు, తర్వాత పోల్చుకుంటున్నారు, ఆ తర్వాత అరుస్తున్నారు, ఈ మధ్యలో చేరినవాళ్లని చూసి నువ్వింత పొడుగా అని ఒకరు, నీ ముఖం చూసి లావుగా ఉంటావనుకున్నాను అని ఇంకొకరు. రెండేళ్లపాటు తెరమీద నడుముదాకా చూసుకున్న మనుషులం, ఇవాళ కాళ్లతో సహా దర్శనమిస్తున్నాం. పాత ప్యాంట్లు ఎవరికీ పట్టినట్టు లేదు, నా వెనక సీట్లో కొత్తవాళ్లకి శిక్షణ ఇచ్చే ఆవిడ ఊపిరి పీల్చాలంటే భయంగా ఉంది, హుక్కు ఊడిపోయేలా ఉంది అని అందరికీ చెప్పి నవ్విస్తోంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపల స్టాపులు లెక్కపెట్టుకుంటున్నాను, ఆరు స్టాపులు, ఆరోదానికి నలభై నిమిషాలు, అక్కణ్ణుంచి ఆఫీసుకి ఇంకో ఇరవై. గంటసేపు. గంటలో అతనికి ఒక మాట చెప్పాలో మానాలో తేల్చుకోవాలి, ఐదు నెలలుగా తేల్చుకోలేనిది.

నా పని వినడం. అంతకంటే గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. బట్టలుతికే మిషన్లు అమ్మే కంపెనీ మాది, మిషను మొరాయిస్తే జనం ఫోన్ చేస్తారు, ఆ ఫోన్లెత్తి జవాబు చెప్పేవాళ్లు వందమంది, ఆ వందమంది మాటలూ తర్వాత తీరిగ్గా విని మార్కులు వేసేవాళ్లం ఐదుగురం. ఒక్కొక్కరివి నెలకి ఎనిమిది కాల్స్. నమస్కారం చెప్పాడా, పేరడిగాడా, విసుక్కున్నాడా, అవతలి మనిషి మాట పూర్తికాకుండా అడ్డం పడ్డాడా, ఇలా పన్నెండు గడులు, గడికి ఐదు మార్కులు, చిట్టచివరి గడి వెనక శబ్దం. ఏ శబ్దమైనా వినపడితే సున్నా, ఎక్కడ వినపడిందో నిమిషమూ సెకనూ రాయాలి. ఆఫీసులో నన్ను పాముచెవులు అంటారు. ఎదురుగా అనరు, కానీ చాటుగా అనుకుంటే నాకు వినపడకుండా ఉంటుందా, పేరే పాముచెవులు కదా. ఆ పేరంటే నాకు లోలోపల గర్వంగానే ఉండేది, ఎవరో కుర్చీలో ఒకవైపు నుంచి ఇంకోవైపుకి ఒరిగినా పట్టేసేదాన్ని, నవ్వుతూ మాట్లాడుతున్న మనిషి నిజంగా నవ్వట్లేదని పట్టేసేదాన్ని. మార్కులు ఎవరు వేశారో అవతలివాళ్లకి తెలీదు, కింద వినే విభాగం అని ఉంటుంది, అంతే. మంచి ఏర్పాటు అనుకునేదాన్ని, మొహమాటాలుండవు, క్యాంటీన్‌లో ఎదురుపడితే హాయిగా పలకరించుకోవచ్చు.

తర్వాత అందరం ఇళ్లలో కూర్చున్నాం. మాకు పిల్లలిద్దరు, ఇద్దరూ హాస్టళ్లలో, మిగిలింది నేనూ మా ఆయనా. మా ఆయన మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయనుకునే మనిషి, గడియారాలు బాగుచేసే పని, ఇంట్లోనే ముందుగదిలో కంటికి భూతద్దం బిగించుకుని పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా వంగి కూర్చుంటాడు. నేను వంటింటి పక్కన బల్లమీద కంప్యూటరు పెట్టుకుని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం, కానీ నా చెవుల్లో మాత్రం వంద ఇళ్లు. ఆఫీసులో అందరి వెనకా ఒకటే ఏసీ హోరు, దాన్ని మేం శబ్దంగా లెక్కపెట్టేవాళ్లం కాదు. ఇళ్లలోకి వెళ్లాక తెలిసింది ఈ మనుషుల వెనక ఏమేమున్నాయో. ఒకమ్మాయి వెనక ఎక్కాలు చదివే పిల్లాడు, ఏడో ఎక్కం దగ్గర రోజూ తడబడేవాడు. ఒకతని వెనక ఎప్పుడూ కుళాయి కారుతుండేది. ఇంకొకావిడ వెనక ఎవరో మగమనిషి తలుపు దడాలున వేసేవాడు, అప్పుడు ఆవిడ గొంతు రెండు క్షణాలు ఆగి మళ్లీ మామూలుగా మొదలయ్యేది. అన్నిటికీ సున్నాలే. వెనక శబ్దం అనే గడి ఆఫీసుకోసం పెట్టింది, మనుషులు ఇళ్లకి పోయినప్పుడు ఆ గడి తీసేయాలని పైవాళ్లకి తోచలేదు. నాకూ తోచలేదు. ఒక్క ఉత్తరం రాస్తే పోయేదేమో. ఇరవై ఏళ్లుగా ఉన్న గడి, అది ఉండటమే న్యాయం అనుకున్నాను.

రెండో స్టాపు. ఇద్దరు ఎక్కారు, ఇద్దరూ నా బ్యాగువైపు చూసి వెనక్కి వెళ్లిపోయారు. నా ఒంతుకొచ్చిన ఇరవైమందిలో ఆరో స్టాపులో ఎక్కే అతనొకడు. ఆఫీసులో అతన్ని నిమ్మళం అంటారు, ఎంతటివాడు ఎంత బూతు తిట్టినా అతని గొంతు పెరగదు, నిమ్మళంగా అండీ అండీ అంటూనే ఉంటాడు, చివరికి తిట్టినవాడే సిగ్గుపడి ఫోన్ పెట్టేస్తాడు. ముప్పై ఐదుంటాయి, పెళ్లి కాలేదు, ఇంట్లో తల్లి, ఆవిడకి కాళ్లు పడిపోయాయి. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు, విని తెలుసుకున్నదే. ఇళ్లకి వెళ్లిన మొదటి నెల్లోనే అతని వెనకనుంచి ఆవిడ వినపడింది, "నాన్నా, అయిందా?" అని. నా-న్నా అని మొదటి అక్షరం మీద కాస్త నిలబడి, చివర్లో పైకి లేపి పిలిచేది. అతను చటుక్కున మ్యూట్ నొక్కేవాడు, కానీ అప్పటికే ఆవిడ రికార్డులో పడిపోయేది. కాసేపటికి మళ్లీ. "నాన్నా, ఎవరితోరా అంతసేపు?" ఇంకోసారి, "పాపం వాళ్ల మిషను బాగైందా?" మంచంమీద పడుకుని ఆవిడ కొడుకు ఉద్యోగమంతా వినేది, నాలాగే. విని విని ఆవిడకి మిషన్లు వచ్చేశాయి. ఒకరోజు ఒక పెద్దాయన, మా మిషనులోంచి నీళ్లు పోవట్లేదు బాబూ అని గోల పెడుతుంటే, ఇతను కాగితంలో ఉన్న పన్నెండు ప్రశ్నలూ వరసగా అడుగుతుంటే, వెనకనుంచి ఆవిడ, "గొట్టం మడత పడిందేమో చూసుకోమనరా, ఇదంతా ఎందుకు!" అని ఒక్క కేక. పెద్దాయన విన్నాడు, వెళ్లి చూశాడు, తిరిగొచ్చి, "మీ వెనకావిడ చెప్పిందే నిజం బాబూ, గొట్టమే" అన్నాడు. నాకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది, ముందుగదిలోంచి మా ఆయన తలెత్తి చూశాడు కూడా. కళ్లు తుడుచుకుని, కాల్ మళ్లీ వెనక్కి తిప్పి, ఆరు నిమిషాల పద్నాలుగు సెకన్ల దగ్గర స్త్రీ గొంతు అని రాసి, సున్నా వేశాను.

అలా ఏడాదిన్నర. ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడలేదు, ఎత్తో పొట్టో తెలీదు, కానీ ఆవిడకి జలుబు చేసిన రోజు తెలుసు, అలిగిన రోజు తెలుసు, అలిగితే నాన్నా అనకుండా ఇదిగో అని పిలిచేది. ఒక మధ్యాహ్నం "నాన్నా, అయిందా?" అంటే నా బల్లదగ్గర నేనే, ఆఁ, అయిపోవచ్చింది అన్నాను పైకి. అని ఉలిక్కిపడి చుట్టూ చూశాను. ఇంట్లో నన్ను పనైందా అని అడిగేవాళ్లెవరూ లేరు, బహుశా అందుకని. కొన్నిసార్లు జాలిపడి వదిలేసేదాన్ని, మెల్లగా వినపడితే వినపడనట్టు ఐదుకి ఐదు వేసేసేదాన్ని, ఎనిమిదింటిలో మూడో నాలుగో అలా పోనిచ్చేదాన్ని. ఆవిడ మరీ గట్టిగా వినపడిన ఒకటి రెండింటికి వేయక తప్పదు, నేను వేసిన మార్కుల్ని పైన ఇంకొకాయన అప్పుడప్పుడు విని సరిచూస్తాడు. ఒకే నెలలో మూడు సున్నాలు పడితే హెచ్చరిక ఉత్తరం వెళ్తుంది, ఉత్తరం వెళ్తే ఆ ఏడాదికి పై మెట్టు ఎక్కే దారి మూసుకుపోతుంది. అతని పేరు పై మెట్టుకి పరిశీలనలో ఉందని నాకు తెలుసు. అందుకే, మంచే చేస్తున్నాననుకుని, ఒక నెల వ్యాఖ్యల్లో రాశాను, ఈ ఉద్యోగికి బయటి శబ్దం చొరబడని మంచి హెడ్‌సెట్ ఇప్పించవలెను అని. కంపెనీ ఎన్నడూ లేంది వారంలో పంపించింది. రెండు చెవులూ పూర్తిగా మూసేసే రకం. అతను తల్లి మంచాన్ని వెనకగదిలోకి మార్చాడు, మాట్లాడేటప్పుడు తలుపు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడ గొంతు రికార్డుల్లో దూరమైంది.

మూడో స్టాపు దగ్గర ట్రాఫిక్. పక్కనే పెద్ద దుకాణం షట్టరు ఎత్తుతున్నారు, రెండేళ్ల కింద అక్కడ మందుల షాపుండేది, ఇప్పుడు చెప్పులు అమ్ముతున్నారు. నా వెనక శిక్షణావిడ ఎవరికో తన ఇంట్లో ఎంత సుఖపడిందో చెబుతోంది, మధ్యాహ్నం అరగంట కునుకు తీసేదాన్నమ్మా, ఇంక ఆ రోజులు పోయాయి అంటోంది. పోయాయి. అవును. ఐదు నెలల కిందటి ఆ మంగళవారం అతని కాల్ నేను విన్నది గురువారం పొద్దున. ఆ నెల అతని ఎనిమిదింటిలో అది ఐదోది. పదకొండు నిమిషాల కాల్, ఒకావిడ మిషను తిరుగుతూ తిరుగుతూ గది మధ్యకి నడిచొచ్చిందట, భయపడిపోయి ఫోన్ చేసింది, ఇతను నిమ్మళంగా ఆవిడకి ధైర్యం చెబుతున్నాడు. రెండు నిమిషాల నలభై దగ్గర, చాలా దూరంగా, తలుపవతల, నాన్నా. ఇంకెవరి చెవులకీ ఆనదు, నాకు ఆనింది. నాలుగు నిమిషాల దగ్గర మళ్లీ. ఏడు దాటాక మళ్లీ. తొమ్మిదిన్నర దగ్గర నాలుగోసారి, అది సగమే. అయిందా అని అడగలేదు, ఒక్కసారి కూడా అడగలేదు, నాకు అప్పుడే తట్టాల్సింది, ఏడాదిన్నర విన్నదాన్ని, పాముచెవులదాన్ని, అయిందా అనో ఇంకేదో అడగకుండా ఆవిడ ఎప్పుడూ ఉత్తినే పిలవదని తట్టాల్సింది. ఇతను వినలేదు, మ్యూట్ కూడా నొక్కలేదు, అంటే అసలు వినపడలేదన్నమాట, హెడ్‌సెట్ బాగా పనిచేస్తోంది అనుకున్నాను. అప్పటికే ఆ నెల రెండు సున్నాలు పడున్నాయి. మూడోది వేస్తే ఉత్తరం. పోనీలే పాపం అనుకుని ఐదుకి ఐదూ వేసి, వ్యాఖ్య గడిలో, వెనక శబ్దం లేదు, మంచి మెరుగుదల అని రాశాను. రాసి టీ పెట్టుకున్నాను. టీ తాగుతుంటే ఆఫీసు గ్రూపులో మెసేజ్ వచ్చింది, నిమ్మళం వాళ్లమ్మగారు మొన్న మంగళవారం మధ్యాహ్నం పోయారు, అతను ఫోన్ డ్యూటీలో ఉండగానే, నిద్రలో, ప్రశాంతంగా. దండాల బొమ్మలు ఒకదానికింద ఒకటి వచ్చి పడుతున్నాయి. కప్పు కింద పెట్టి వెళ్లి ఆ కాల్ సమయం చూశాను. ఆ మధ్యాహ్నమే.

ఆ తర్వాత దాన్ని ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. మామూలు కాల్స్ తొంభై రోజులు ఉంటాయి, తర్వాత వాటంతటవే చెరిగిపోతాయి. మార్కులు కోతపడినవి మాత్రం రుజువుకోసం ఏడాది ఉంచుతారు. తొంభయ్యో రోజుదాకా అతనికి చెప్పాలా వద్దా అని మల్లగుల్లాలు పడుతూనే ఉన్నాను, తొంభై ఒకటో రోజు పొద్దున చూస్తే ఆ వరస ఖాళీగా ఉంది. పీడా పోయింది అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను, అనుకుని ఆ మధ్యాహ్నమంతా ఏడ్చాను. రెండు నెలలు ఊరుకున్నాను. పది రోజుల కింద అతని మెసేజ్ వచ్చింది. అక్కా, మీరు వినే విభాగంలో కదా, పాత కాల్స్‌లో ఎక్కడైనా మా అమ్మ గొంతు పడిందేమో చూస్తారా, ఫొటోలున్నాయి గానీ గొంతు ఒక్కటీ లేదు, ఎప్పుడూ ఇంట్లోనే ఉండే మనిషి కదా, రికార్డు చేసుకోవాలని తట్టలేదు. వెతికాను. నేను జాలిపడి వదిలేసినవన్నీ చెరిగిపోయాయి. సున్నాలు వేసినవి మాత్రం పదకొండు మిగిలాయి. ఎక్కడెక్కడ ఆవిడ గొంతుందో నిమిషం సెకన్లతో సహా నా చేత్తో నేను రాసిపెట్టినవే, వెతుక్కునే శ్రమ కూడా లేదు. రికార్డులు బయటికి తీస్తే మాట రావచ్చు, ఉద్యోగమే పోవచ్చు, అయినా ఒక సాయంత్రం కూర్చుని కొన్నవాళ్ల మాటలన్నీ తీసేసి ఆవిడ ముక్కలు మాత్రం ఏరి ఒకచోట అతికాను. అన్నీ కలిపి నాలుగు నిమిషాలు రాలేదు. పైకి పెట్టి వింటుంటే మా ఆయన భూతద్దం నుదుటిమీదికి తోసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఎవరావిడ?" అన్నాడు. "తెలిసినావిడే" అన్నాను. అయిపోయేదాకా కదలకుండా విన్నాడు, విని, "మంచి గొంతు" అని వెళ్లిపోయాడు.

ఆ నాలుగు నిమిషాలూ ఫోన్లో ఉన్నాయి, బస్సులో ఇస్తానని అతనికి చెప్పి తెచ్చాను. ఇవ్వడం వరకూ తేలికే. మిగిలింది ఆ మంగళవారం. నాలుగో స్టాపు, ఐదో స్టాపు, బస్సు దాదాపు నిండిపోయింది, ఒకాయన బ్యాగు తీయమని అడగనే అడిగాడు, తీరా అడిగితే, ఎవరో వస్తున్నారండీ అన్నాను. చెప్పకూడదు. ఇప్పుడు చెప్పి ఎవరిని ఉద్ధరించాలి. నిద్రలో ప్రశాంతంగా పోయింది అనుకుంటున్నాడు, అనుకోనీ. నాలుగుసార్లు పిలిచింది, నువ్వు పక్కగదిలోనే ఉన్నావు, ఎవరిదో మిషను నడిచొచ్చిందని ఓదారుస్తున్నావు, ఈ మాట విన్నవాడు ఇంక ఏ జన్మకి నిద్రపోతాడు. రుజువు కూడా లేదు, చెరిగిపోయింది, లోకంలో నా చెవుల్లో తప్ప ఎక్కడా లేదు, నేను నోరు మూసుకుంటే అది జరగనట్టే. అతని మంచికోసమే అని ఒకటికి పదిసార్లు చెప్పుకున్నాను. నా మంచికోసం కూడా అని నాకు తెలియకపోలేదు, హెడ్‌సెట్ ఇప్పించమని రాసిన చెయ్యి నాదే కదా. సరే, ఏదైతేనేం, చెప్పను. అలా అనుకున్నాక గుండె కాస్త కుదుటపడింది, నీళ్ల సీసా తీసి రెండు గుక్కలు తాగాను కూడా.

ఆరో స్టాపులో అతనొక్కడే ఎక్కాడు. చిక్కిపోయాడు, చొక్కా భుజాలమీద నుంచి జారుతోంది, ఇస్త్రీ చేసుకున్నాడు గానీ కాలరు ఒకవైపు మడతపడుంది, చెప్పేవాళ్లు లేక. బస్సులో మాటలు ఒక్కసారి తగ్గి మళ్లీ పుంజుకున్నాయి. నేను బ్యాగు తీశాను. కూర్చుని, "బాగున్నారా అక్కా" అన్నాడు, అదే గొంతు, ఇరవై ఏళ్లలో నేను ఎక్కువ మార్కులు వేసిన గొంతు. ఏం మాట్లాడాలో తెలీక ఫోన్ తీసి ఇయర్‌ఫోన్లు అతని చేతిలో పెట్టాను. ఇంటికెళ్లాక వింటాడనుకున్నాను, అప్పటికప్పుడే పెట్టేసుకున్నాడు. నేను కిటికీలోకి తిరిగాను. కానీ అద్దంలో కనపడుతూనే ఉన్నాడు. మొదటి పిలుపుకే పెదవి కొరుక్కున్నాడు. గొట్టం మాట దగ్గరికి వచ్చినట్టుంది, ఫక్కుమని నవ్వాడు, ముందు సీట్లోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. అయిపోయాక కూడా చాలాసేపు తీయలేదు, ఫ్లైఓవరు ఎక్కి దిగేదాకా.

"ఇన్ని సున్నాలు వేసిన పుణ్యాత్ములెవరో గానీ, వాళ్ల దయవల్ల మిగిలింది మా అమ్మ," అన్నాడు, ఎత్తిపొడుపు లేకుండా, నిజంగానే.

ఆఫీసు మేడ అద్దాలు దూరంగా కనపడుతున్నాయి.

"ఆ చివరి రోజుది ఉండదు కదక్కా?"

"చెరిగిపోయింది," అన్నాను. అది నిజమే.

"ఉన్నా అందులో ఏమీ ఉండదులెండి." ఇయర్‌ఫోన్ల తీగ వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్లీ చుట్టుకుంటూ చెప్పాడు. "ఆ పొద్దున మా అమ్మని కసిరాను. ఎప్పుడూ కసరలేదు, ఆ ఒక్కరోజే. రెండు సున్నాలు పడ్డాయమ్మా, ఇంకోటి పడితే ఉత్తరం వస్తుంది, నీకు దండం పెడతాను, ఇవాళ నన్ను పిలవకు అన్నాను. గోడవైపు తిరిగి, పిలవన్లే, ఇంక పిలవను అంది. అన్నట్టే పిలవలేదు. ఏమొచ్చిందో, ఎంత బాధపడిందో, నోరు నొక్కుకుని పడుకుంది. అలిగి వెళ్లిపోయిందక్కా."

"అలా ఎందుకనుకుంటావు? నిద్రలో..."

"నిద్రలో అని నేనే చెప్పాను అందరికీ. తలుపు తీసేసరికి కళ్లు తెరిచే ఉన్నాయి." తీగ ఇంకోసారి చుట్టుకున్నాడు. "మొదట్లో నాకే వినపడలేదేమో అని ఆశ ఉండేది. ఆ హెడ్‌సెట్‌లో ఏమీ వినపడదు కదా. సెలవునుంచి వచ్చి చూస్తే ఆ కాల్‌కి ఫుల్ మార్కులు. వెనక శబ్దం లేదు అని రాసుంది. మీ విభాగంవాళ్ల చెవుల సంగతి నాకు తెలీదా. వాళ్లకే వినపడలేదంటే ఇంక పిలవనట్టే."

బస్సులో అందరూ సర్దుకుంటున్నారు, బ్యాగులు తీసుకుంటున్నారు, మెడలో గుర్తింపు కార్డులు వేసుకుంటున్నారు. నాకు చెవుల్లో హోరు. ఐదు నెలలుగా నేను ఒక తక్కెడ పట్టుకుని కూర్చున్నాను, చెబితే అతనికి బాధ, చెప్పకపోతే సుఖం అని. అతను సుఖంగా ఎక్కడున్నాడు. నేను జాలితో వేసిన ఐదు మార్కులు పట్టుకుని ఐదు నెలలుగా తల్లి అలిగి చచ్చిపోయిందని ఏడుస్తున్నాడు. నేను రాసిన రెండు ముక్కలు, టీకి లేచే తొందరలో రాసిన రెండు ముక్కలు, వాటిని వేదంలా నమ్ముకుని కూర్చున్నాడు. ఒకవైపు అలిగి పిలవని తల్లి, ఒకవైపు పిలిచినా వినపడని కొడుకు, ఈ రెండింట్లో ఏది మోయగలడో నాకెలా తెలుస్తుంది, నేనెవర్ని తేల్చడానికి. కానీ ఒకటి అబద్ధం. అబద్ధం రాసింది నేను. బస్సు గేటు దగ్గర మెల్లగా తిరిగింది.

"పిలిచింది," అన్నాను.

అతనికి అర్థం కాలేదు. "ఎవరు?"

"మీ అమ్మ. ఆ రోజు. ఆ కాల్‌లో. నిన్ను పిలిచింది."

తీగ చుట్టుకోవడం ఆగిపోయింది. బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది, ముందువాళ్లు దిగుతున్నారు, శిక్షణావిడ మా పక్కనుంచి వెళ్తూ ఏదో అంది, ఏమందో నేను వినలేదు, నా చెవులకి ఏదీ వినపడకపోవడం అదే మొదటిసారి. అతను నావైపే చూస్తున్నాడు. "ఎన్నిసార్లు?"

"ఒక్కసారి," అన్నాను. నోటికి ఎలా వచ్చిందో అలా.

తల అడ్డంగా ఊపాడు. "ఒక్కసారి పిలిచి ఊరుకునే మనిషి కాదక్కా మా అమ్మ."

"నాలుగు," అన్నాను. "నాలుగుసార్లు. నాన్నా అని. కోపంగా కాదు. ఇదిగో అని కాదు. నాన్నా అనే."

"అయితే అలగలేదు," అన్నాడు. ముఖం ఒక్కసారిగా విప్పారింది, చిన్నపిల్లాడి ముఖం అయిపోయింది, "నాలుగుసార్లు పిలిచిందంటే అలగలేదక్కా, పిలవనంది గానీ పిలిచింది," అన్నాడు, నవ్వబోయాడు, ఆ నవ్వు పెదవులదాకా రాకముందే మిగతా సగం అతనికి అందింది. అందడం నేను చూశాను. ఏ రికార్డులోనూ నేను అలాంటి నిశ్శబ్దం వినలేదు. చేతులు రెండూ పైకి లేచి చెవుల దగ్గర ఆగాయి, ఏదో తీసెయ్యబోతున్నట్టు, అక్కడేమీ లేదు. బస్సు ఖాళీ అయిపోయింది. డ్రైవరు అద్దంలోంచి చూసి, దిగండి మేడమ్, బండి పక్కకి పెట్టాలి అన్నాడు, మళ్లీ చూసి ఇంజను ఆపేసి తనే దిగి వెళ్లిపోయాడు.

"నాకు వినపడలేదక్కా," అన్నాడు.

"నాకు వినపడింది," అన్నాను.